అది తుప్పు కాదు, ప్రాణమున్న లైకెన్

బ్రిటన్ తీరపు రాళ్ల మీది నారింజ చారను మీ వ్యాసంలో ఇనుప తుప్పు అన్నారు, గీకి చూడమని కూడా చెప్పారు. కాదండీ, అది కలోప్లాకా మరీనా అనే లైకెన్. శిలీంధ్రం, శైవలం (నాచు జాతి) కలిసి బతికే జీవి. భూతద్దంతో చూస్తే గరుకైన పెచ్చు మీద ఆవగింజ కన్నా చిన్న బిళ్లలు కనిపిస్తాయి. శిలీంధ్రపు సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాలు, పుట్టేది వాటిలోనే. ఎంత అందంగా ఉంటాయో! ఆ రంగు పారియెటిన్ అనే పదార్థానిది. లోపలి శైవలాన్ని తీవ్రమైన ఎండ నుంచి అదే కాపాడుతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చుక్క వేస్తే ముదురు ఎరుపుకు మారుతుంది, తుప్పు అలా మారదు. అలల తుంపర తగిలే ఎత్తులో, నల్లటి లైకెన్ల చారకు పైన ఇది పరుచుకుంటుంది. 'గీకి చూడండి' అన్న సలహాను మాత్రం దయచేసి తీసేయండి. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, గీకితే మళ్లీ పరుచుకోవడానికి ఏళ్లు పడుతుంది.