కోరల్ గ్లూలో సయనైడ్ ఉందన్న మెసేజ్: ఏది నిజం, ఏది కాదు

తిరుపతి, చిత్తూరు అక్వేరియం వాళ్ళ ఫోన్లలో ఈమధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూలో సయనైడ్ ఉంటుంది, కోరల్ (పగడపు జీవి) ముక్కను రాయికి అంటించడానికి ఒక్క చుక్క వాడినా ట్యాంకులో అన్నీ చస్తాయి. పైగా తడిలో అది అంటుకోదు. పైపులకు వాడే ఎపాక్సీ ముద్దే (రెండు పదార్థాలు కలిపి పిసికితే గట్టిపడేది) సేఫ్. సాక్ష్యంగా మే నెలలో తిరుపతిలో ఎవరిదో ట్యాంకు రాత్రికి రాత్రే పోయిందట.

ముందు సయనైడ్ సంగతి. ఈ గ్లూ సయనోయాక్రిలేట్. పొటాషియం సయనైడ్‌ను నీళ్ళలో వేస్తే సయనైడ్ విడిపోయి నీళ్ళలో కలుస్తుంది, అందుకే అది ప్రాణం తీస్తుంది. గ్లూలోని కార్బన్, నైట్రోజన్ జంట అలా విడిపోదు, అణువులోనే బిగిసి ఉంటుంది. గట్టిపడ్డాక మిగిలేది ఒకరకం ప్లాస్టిక్. ఇదే కుటుంబానికి చెందిన గ్లూతో ఆస్పత్రుల్లో కుట్లు లేకుండా గాయాలు మూస్తున్నారు, అమెరికాలో 1998లోనే అనుమతి వచ్చింది. కాలిస్తే మాత్రం విషపు పొగ వస్తుంది, కాబట్టి పాత ప్లగ్గుల (కోరల్ ముక్కను అంటించే చిన్న దిమ్మెలు) మీది గ్లూను మంటతో తీయొద్దు. నిజంగా సయనైడ్ బారిన పడిన రీఫులు (పగడపు దిబ్బలు) ఉన్నాయి, కానీ అది గ్లూ వల్ల కాదు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి రంగు చేపలను మత్తెక్కించి పట్టడానికి సయనైడ్‌ను వాడారు. అంత భయముంటే కొనే చేపను ఎలా పట్టారో షాపులో అడగండి.

తడిలో అంటుకోదన్న మాట తలకిందులు. ఈ గ్లూ గట్టిపడేదే తేమ తగిలి. నీళ్ళలా జారే రకం కొంటే నీళ్ళలో తెల్లటి పొరలై తేలుతుంది, చాలామందికి చేదు అనుభవం అక్కడే. టూత్‌పేస్ట్‌లా చిక్కగా ఉండే జెల్ రకం కావాలి. ట్యాంకు నీళ్ళు పోసిన గిన్నె పక్కన పెట్టుకుని, కోరల్ అడుగు భాగాన్ని టిష్యూతో ఒత్తి, జెల్ పెట్టి, ప్లగ్గు మీద నొక్కి, గిన్నెలో ముంచండి. పైన పొర కట్టేస్తుంది. ట్యాంకులోనే రాయి మీద అంటించాల్సి వస్తే ఆ పొర చిట్లేలా కొంచెం తిప్పుతూ నొక్కాలి, లేకపోతే మర్నాటికి ఊడి కింద పడి ఉంటుంది. జెల్ కోరల్ కండ మీద పడితే ఆ మేరకు చచ్చిపోతుంది, అడుగున అస్థిపంజరానికే పెట్టాలి. మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి కోరల్స్ ఒంటి నుంచి జిగట ద్రవం వదిలి జారిపోతాయి. వాటి విషయంలో మెసేజ్ చెప్పింది కొంత నిజమే. వాటికి వల గుడ్డ, రబ్బరు బ్యాండు మేలు.

ఎపాక్సీ చెడ్డదని నేననను. అక్వేరియం కోసం చేసినది పెద్ద ముక్కలకు బాగా పనికొస్తుంది. ఒకేసారి ఎక్కువ పెడితే స్కిమ్మర్ (నీళ్ళలోని మురికిని నురగగా తీసే పరికరం) పిచ్చిగా నురగలు కక్కుతుంది, నీళ్ళు మసకబారతాయి. పైపుల రకం నీటి జీవుల కోసం తయారుచేసింది కాదు, దాన్ని సేఫ్ అనడం మాత్రం సాహసమే.

మెసేజ్‌లో లేని అసలు విషం జోయాంథిడ్స్ అనే పువ్వుల్లాంటి కోరల్ రకాల్లో ఉంటుంది. వాటిలో కొన్నింట్లో ఉండే పాలిటాక్సిన్ అనే విషం మనిషిని ఆస్పత్రి పాలు చేయగలదు. కోసేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, అవి ఉన్న రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకూడదు. నూలు గ్లౌజులు వద్దు, సూపర్ గ్లూ నూలుకు తగిలితే వేడెక్కి చర్మం కాలుతుంది.

ఇక ఆ మే నెల ట్యాంకు. అప్పుడు తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కోరల్స్‌కు కావలసింది దాదాపు 24 నుంచి 27. చెన్నైలోని కొళత్తూరు అక్వేరియం మార్కెట్ నుంచి సంచిలో ఉడుకుతూ వచ్చిన ముక్కలు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేని ట్యాంకు, మధ్యలో కరెంటు పోతే ఆగే పంపు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. ఆ రాత్రి నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, అమ్మోనియా పరీక్ష చేశారో లేదో మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.