బ్యాటన్ గారికి, అలిపిరి నుంచి

మహారాజశ్రీ బ్యాటన్ గారికి, తిరుపతి నుంచి ఒక మాజీ నేవీ సెయిలర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, రోజూ కళ్లారా చూస్తూనే ఉన్నాను.

తమరంటే నేవీ ఆఫీసర్లు హోదాకు గుర్తుగా చేతపట్టే కర్ర కదా. 2023 జూలైలో నేవీ తమరిని వాళ్ల చేతుల్లోంచి తీసేసింది. కర్ర పట్టుకుని అధికారం చూపించుకోవడం తెల్లదొరల నాటి అలవాటు, ఇక చాలు అన్నారు. యూనిట్ అధిపతి ఆఫీసులో ఒకటి ఉంటుంది, బాధ్యతలు అప్పగించే రోజు ఆ గదిలోనే చేతులు మారుతుంది, అంతే. బీరువాలో పెళ్లి పట్టుచీర బతుకు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 2న నేవీ జెండా మీది ఆ దొరల నాటి ఎర్ర శిలువ పోయినప్పుడే తమరు అనుమానపడాల్సింది.

నా సర్వీసులో తమరి చప్పుడు బాగా విన్నాను. తొడ మీద టప్, టప్. మనిషి మలుపు తిరగకముందే అది వచ్చేది. వెంటనే అందరం గుడ్డలు పట్టుకుని, తుడిచిన రెయిలింగునే మళ్లీ తుడిచేవాళ్లం.

సంప్రదాయమంటే నాకు పడదనుకునేరు. ఓడ మీద సెయిలర్ల చేత పని చేయించే బోసన్ ఊదే ఈలను ఒక్క మాట అనను. అలల హోరులో గొంతు వినపడని చోట పని నడిపించడానికి పుట్టింది అది. ఇప్పటికీ కెప్టెన్ ఓడెక్కితే ఊదుతారు, చెవులు గింగురుమన్నా బాగుంటుంది. మరి తమరో? ఏనాడైనా తాడు లాగారా, నీళ్లు తోడారా?

1971 యుద్ధంలో, డిసెంబరు 9 రాత్రి, మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగిపోతుంటే కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక సెయిలర్‌కిచ్చి, తాను ఓడతోనే ఉండిపోయారు. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. చెప్పినవాళ్లెవరూ కర్ర సంగతి ఎత్తలేదు.

సరే, నేవీ వెళ్లగొడితే ఎక్కడ తలదాచుకుంటారో అనుకున్నా. నేరుగా మా అపార్ట్‌మెంటుకే వచ్చారు! (సముద్రం లేని ఊరని మొహమాటపడకండి. 2022లో జిల్లాలు విడగొట్టాక గూడూరు, సూళ్లూరుపేట మాకొచ్చి మా జిల్లాకీ తీరం దక్కింది.) మా అసోసియేషన్ అధ్యక్షులవారు తెప్పోత్సవం చూడటం తప్ప నీళ్ల మీద ఏ అనుభవమూ లేనివారు. తమరిని ఎర్రచందనంతో చేయించుకోవాలని ఆయనకు ఆశ. ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్ భయంతో వేపకర్రకే రంగేయించి, రెండు కొసలకూ ఇత్తడి తొడుగు వేయించారు. నీళ్ల ట్యాంకర్ రాగానే తమరితో సంపు వైపు చూపిస్తారు. పైపు ఈడ్చేది, మూత ఎత్తేది, తడిసేది వాచ్‌మన్. సాయంత్రం మీటింగులో మాత్రం "నేను దగ్గరుండి నీళ్లు పట్టించా సామీ" అని తొడ మీద టప్, టప్.

ఇంకా నవ్వేవాణ్ణే. కానీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత దేవస్థానం వాళ్లు నడిచివెళ్లే భక్తులకు చేతికర్రలిచ్చి, నరసింహస్వామి గుడి దగ్గర వెనక్కి తీసుకునేవాళ్లు. నేనూ ఒకటి తీసుకున్నా. పది మెట్లెక్కానో లేదో, నాకు తెలియకుండానే అది తొడ మీద టప్, టప్ మంటోంది. ముందు పోయే కుర్రాళ్లను "ఒక వరసలో నడవండి" అని కూడా అన్నానట.

మా ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి చూసింది. "ఏమయ్యా, ఇక్కడ నీ కింద పనిచేసేవాళ్లెవరూ లేరు. ఎక్కు."

నరసింహస్వామి గుడి దగ్గర ఆ కర్ర తిరిగిచ్చేటప్పుడు, నమ్మండి, చెయ్యి ఒకపట్టాన వదల్లేదు.

ఇట్లు,
తమరి పాత బాధితుడు, ఒక పూట భక్తుడు