అంకె అడిగారు, ఆచూకీ అడగలేదు

అధ్యాపకుడి పదోన్నతి దరఖాస్తులో పుస్తకం పేరు పక్కన ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య రాసే గడి ఖాళీగా ఉంటే మన విశ్వవిద్యాలయాలు ఊరుకోవు. ఆ పుస్తకం పదేళ్ల తరవాత ఎక్కడ దొరుకుతుందని మాత్రం ఏ ఎంపిక సంఘమూ అడగదు. స్థానిక ప్రచురణకర్తలు వేసిన పుస్తకానికైనా ఈ సంఖ్య ఉంటే పాయింట్లు ఇవ్వవచ్చని యూజీసీ 2010 నిబంధనలు చెప్పాయి. పుస్తక వ్యాపారం కోసం పుట్టిన 13 అంకెల గుర్తు ఆనాటి నుంచి పాండిత్యానికి ముద్రగా చెలామణీ అవుతోంది. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. పుస్తకంలో ఏముందో తూచి ఇచ్చే కితాబు కాదది.

పండితులకు నిజంగా కావలసింది డీఓఐ (డిజిటల్ ఆబ్జెక్ట్ ఐడెంటిఫయర్) అనే గుర్తింపు సంఖ్య. పుస్తకానికే కాదు, అందులోని ఒక్కో అధ్యాయానికీ అది శాశ్వత చిరునామా. వెబ్‌సైటు మారినా, ప్రచురణకర్త కొత్త చోటు నమోదు చేస్తే పాత లంకె పనిచేస్తూనే ఉంటుంది. నమోదు చేస్తేనే. సంఖ్య తీసుకోవడం ఒక్క రోజు పని, దాన్ని కనిపెట్టుకుని ఉండటం ఏళ్ల తరబడి చేయవలసిన పని. మన సంస్థలకు మొదటిదే ముద్దు.

కనిపెట్టుకునేవారు లేకపోతే ఏమవుతుందో తెలుగు పాఠకులు చూశారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో తోచినట్లు ఎక్కించారు, వెతికేవారికి చుక్కలు కనిపించాయి. చివరికి ఆ సైటే మూతపడింది. దాన్ని ఉటంకించిన రచనల్లోని లంకెలన్నీ మట్టిగొట్టుకుపోయాయి. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికి బయటపడ్డాయంటే ఆ పుణ్యం మన ప్రభుత్వాలది కాదు.

చేతకాదనడానికి వీల్లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం, శోధగంగ అనే తన ఆన్‌లైన్ భాండారంలో చేరిన సిద్ధాంత గ్రంథాలకు శాశ్వత లంకెలు ఇస్తూనే ఉంది. అదే పరిశోధకుడు అదే గ్రంథాన్ని తెలుగులో పుస్తకంగా వేస్తే సాధారణంగా ఆ భాగ్యం ఉండదు. రచయితల సంగతి మరీ అన్యాయం. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక. ఇంగ్లిషులో చౌదరి అన్న ఒక్క పేరుకే నాలుగైదు వర్ణక్రమాలు. ఒక మనిషి జాబితాలో నలుగురవుతాడు. ఈ చిక్కు విప్పడానికే ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే ఓర్సిడ్ సంఖ్య 2012లో వచ్చింది. తెలుగు పుస్తకాల మీద దాన్ని వెతికి చూడండి.

డీఓఐ కోసం సభ్యత్వ రుసుము కట్టాలి, చిన్న ప్రచురణకర్తలకు అది భారమే. కోట్ల బడ్జెట్లున్న విశ్వవిద్యాలయాలకు, అకాడమీలకు ఆ సాకు చెల్లదు.

ఉపకులపతులు ముందు తమ ప్రచురణ విభాగాలు వేసిన పుస్తకాల జాబితా తెప్పించుకోవాలి. ఎన్నింటికి డీఓఐ ఉందో, ఎన్ని లంకెలు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయో చూసి ఆ లెక్క బయటపెట్టాలి. అది చేయనివారికి ఒక్క గడి ఖాళీగా ఉందని అధ్యాపకుడి దరఖాస్తును వెనక్కి పంపే అర్హత లేదు.