గుడ్డు పెంకులు, అరటి తొక్క నీళ్లు, ఎప్సం సాల్ట్: వీటితోనే మిద్దె తోట కాయదు

మిద్దె తోటలవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. కూరగాయల మొక్కలకు ఎరువు కొనక్కర్లేదు, వంటింట్లో ఉన్నవే చాలు అని దాని సారం. గుడ్డు పెంకుల పొడి వేస్తే టమాటా కాయ కుళ్లు ఆగుతుందట. అరటి తొక్కలు మూడు రోజులు నానబెట్టిన నీళ్లు పోస్తే పూత విరగబూస్తుందట. ఆకు పసుపు పచ్చగా మారితే ఎప్సం సాల్ట్, కరివేపాకుకు పుల్ల మజ్జిగ, మిగతా వాటికి టీ పొడి, బియ్యం కడిగిన నీళ్లు. ఒక్కోదాని వెనక కాస్త నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. నమ్మి మిగతా ఎరువులు మానేసిన చోట రెండో నెలకే మొక్కలు గిడసబారుతున్నాయి. తమ చేతికి మొక్కలు రావని కుండీలు బోర్లించేసిన వాళ్లు ఎందరో. వాళ్ల చేతిలో ఏ లోపమూ లేదు.

ముందు ఆ సందేశం అసలు ఎత్తని మాట చెప్పుకోవాలి: నత్రజని. మూడు కిలోల కాయలిచ్చే టమాటా మొక్క సుమారు 8 గ్రాముల నత్రజని తీసుకుంటుంది. పొలంలో అయితే వేళ్లు దూరంగా పాకి వెతుక్కుంటాయి. కుండీలో ఉన్నది పాతిక లీటర్ల మట్టి మాత్రమే, రోజూ పోసే నీళ్లతో అందులోని నత్రజని కొంత అడుగు రంధ్రాల్లోంచి కారిపోతుంది. సందేశంలోని ఆరు వస్తువుల్లో నత్రజని చెప్పుకోదగ్గంత ఉన్నది టీ పొడిలో ఒక్కదానిలోనే. ఇక ఒక్కో మాట చూద్దాం.

గుడ్డు పెంకులు. టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి, తోలులా గట్టిపడి లోపలికి కుంగిపోతుంది. కాయకు కాల్షియం అందకపోవడమే కారణం, ఇంతవరకు సందేశం చెప్పింది నిజమే. మట్టిలో కాల్షియం లేకపోవడం మాత్రం మన దగ్గర చాలా అరుదు. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండేదే. అది కరగాలంటే ఆమ్లం కావాలి. వెనిగర్‌లో వేస్తే బుసబుసా పొంగుతుంది, మామూలు నీళ్లలో ఉంచితే అలాగే ఉంటుంది. ఏడాది కిందటి కంపోస్టు జల్లెడ పడితే పెంకు ముక్కలు చెక్కుచెదరకుండా బయటపడేది ఇందుకే. నల్లరేగడి కలిపిన కుండీలోనో, బోరు నీళ్లు పోసే కుండీలోనో మట్టి క్షారం వైపు మొగ్గి ఉంటుంది, అక్కడ పెంకు కరగడం ఇంకా కష్టం.

బోరు నీళ్ల సంగతి లెక్క వేసి చూడండి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుందంటే ఆ నీళ్లలో కాల్షియం ఉన్నట్టే. నీటి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు, అందులో సగమే కాల్షియం వల్ల అనుకుందాం. కఠినతను కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెబుతారు, అందులో కాల్షియం 40 శాతమే. అప్పుడు లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు రెండు లీటర్ల చొప్పున 90 రోజులు పోస్తే 7 గ్రాములు దాటుతుంది, అదీ కరిగిన రూపంలో. ఒక పెంకులో ఉండేది రెండు గ్రాములు, అదీ కరగని రూపంలో.

మరి ఇంత కాల్షియం ఉండి కూడా కాయ ఎందుకు కుళ్లుతుంది? కాల్షియం నీటితోపాటే మొక్కలో పైకి వెళ్తుంది. ఆకులు నీటిని బాగా ఆవిరి చేస్తాయి కాబట్టి ఎక్కువ భాగం వాటికే పోతుంది, కాయకు చేరేది కొంచెమే. ఒక రోజు మట్టి ఎండి, మరుసటి రోజు ముంచెత్తితే ఆ కొంచెం కూడా తెగిపోతుంది. చికిత్స నీటి దగ్గరే ఉంది. టమాటాకు 12 అంగుళాల కుండీ వద్దు, మొక్కకు 20 నుంచి 25 లీటర్ల మట్టి పట్టే సంచి కావాలి. మట్టిపైన రెండు అంగుళాల మందాన ఎండాకులో వరిగడ్డో పరవండి. వేలు రెండు అంగుళాలు దించి చూసి, తడి తగ్గుతుండగానే నీళ్లు పోయండి. ఎండలు ముదిరాక పొద్దున, సాయంత్రం రెండు పూటలా పోయాలి. కాయ దశలో యూరియా చల్లితే కుళ్లు పెరుగుతుంది. మచ్చపడ్డ కాయ బాగుపడదు, తెంపేయండి. ఇంకో సంగతి: ఈ కుళ్లు సాధారణంగా మొదటి ఒకటి రెండు గుత్తుల్లోనే ఎక్కువగా ఉంటుంది, తర్వాతి గుత్తుల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ మధ్యలో పెంకుల పొడి వేసినవాళ్లకు అదే పనిచేసినట్టు కనబడుతుంది.

అరటి తొక్క నీళ్లు. తొక్కలో పొటాషియం ఉందన్నది నిజం. కానీ తొక్క బరువులో ఎక్కువ భాగం నీరే, ఎండితే నాలుగైదు గ్రాములు మిగులుతుంది. అందులో పొటాషియం పావు గ్రాము అటూ ఇటూ. మూడు కిలోల టమాటాల్లోనే 7 గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అంటే ఒక్క మొక్కకు పాతిక తొక్కలకు పైనే కావాలి, అదీ మొత్తం నీళ్లలోకి దిగిందనుకుంటేనే. పైగా పులిసిన ఆ నీళ్ల చుట్టూ చిన్న ఈగలు మూగుతాయి. తొక్కల్ని చిన్న ముక్కలు చేసి, రెండింతలు ఎండాకులు కలిపి కంపోస్టు డబ్బాలో వేస్తే వృథా కావు.

పూత రాలడానికి కారణం చాలాసార్లు ఎరువు కాదు. ఏప్రిల్, మే ఎండలకు టమాటా పుప్పొడి చచ్చిపోతుంది, అప్పుడు ఏం పోసినా పిందె నిలవదు. బీర, సొర, గుమ్మడిలో ముందు మగపూలే వస్తాయి, వాటి పని అయ్యాక రాలిపోతాయి. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది. తేనెటీగలు రాని మిద్దె మీద మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో రుద్దాలి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటుంది, బీర, సొర సాయంత్రం. గుమ్మడికి పదింటికి వెళ్తే ఆలస్యమైపోయినట్టే.

ఎప్సం సాల్ట్. సందేశంలో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే, ఎందుకంటే పసుపు ఆకు అనగానే కారణం చూడకుండా వేసేస్తున్నారు. ఇది మెగ్నీషియం సల్ఫేటు: సుమారు 10 శాతం మెగ్నీషియం, 13 శాతం గంధకం. నత్రజని, భాస్వరం, పొటాష్ సున్నా. ఎక్కువైతే మొక్క కాల్షియం తీసుకోవడానికి అడ్డుపడి, పైన చెప్పిన కాయ కుళ్లునే పెంచుతుంది.

ఆకును చదవడం నేర్చుకుంటే ఈ గందరగోళం ఉండదు. కింది ముదురాకులు ఈనెలతో సహా పాలిపోతే నత్రజని లోపం. ముదురాకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం లోపం. అప్పుడు మాత్రమే లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సం సాల్ట్ కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, పది రోజులకు మరోసారి. అదే లక్షణం లేత చిగుళ్లలో కనిపిస్తే ఇనుము లోపం. బెండలో దీనికి తలకిందులుగా, ఈనెలు పసుపై మధ్యభాగం పచ్చగా ఉంటే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కాబట్టి ఏ ఉప్పుకూ లొంగదు, మొక్క పీకి దూరంగా పారేయాలి. ఆకులన్నీ ఒకేసారి వాడి పసుపైతే ముందు కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి.

టీ పొడి, బియ్యం కడిగిన నీళ్లు. పాలు, చక్కెర అంటిన టీ పొడి చీమల్ని పిలుస్తుంది. కడిగి, కంపోస్టులో వేయడమే దారి. బియ్యం నీళ్ల వల్ల హాని లేదు, వాటిని నీళ్ల కింద లెక్కేసుకోండి.

మరి నత్రజని ఎక్కడినుంచి రావాలి? గింజల నుంచి నూనె తీయగా మిగిలే పిప్పి చూడండి: వేప పిండిలో సుమారు 5 శాతం, వేరుశనగ చెక్కలో 7 శాతం. ఇక వర్మీకంపోస్టులో ఒకటి రెండు శాతం. ఇవి నెమ్మదిగా విడుదలవుతాయి, ఒక పంటకాలంలో అంతా మొక్కకు చేరదు. అందుకే మట్టి కలిపేటప్పుడూ వేయాలి, తర్వాతా వేయాలి. పాతిక లీటర్ల సంచికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు లేదా బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, 150 గ్రాముల వేప పిండి. తడిపి పదిహేను రోజులు ఉంచాకే నారు నాటండి, వెంటనే నాటితే పిండి కుళ్లే వేడికి వేళ్లు దెబ్బతింటాయి. పచ్చి పేడ అసలు వద్దు, వేరు పురుగు వస్తుంది. పూత మొదలయ్యాక పదిహేను రోజులకోసారి 100 గ్రాముల వేరుశనగ చెక్క లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పది లీటర్లు చేసి, మొక్కకు లీటరు చొప్పున తడిమట్టిలో పోయండి. వాసన వస్తుంది, కాబట్టి సాయంత్రం పోయడం మేలు. తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరలకు కోత కోసిన ప్రతిసారీ గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

కరివేపాకుకు పుల్ల మజ్జిగ. చిగుళ్లు పసుపు పచ్చబడే కరివేపాకుకు చాలాసార్లు ఉన్నది ఇనుము లోపం. మజ్జిగలో ఇనుము దాదాపు లేదు. దాని పులుపు వేళ్ల దగ్గర కాస్త ఆమ్లం కల్పించి, మట్టిలో ఉన్న ఇనుమును కొద్దిగా కరిగించవచ్చు. మర్నాడు బోరు నీళ్లు పోయగానే ఆ ప్రభావం పోతుంది. పుల్ల మజ్జిగలో ఇనుప ముక్క నానేసి పోసే పాత పద్ధతికి ఇంతకన్నా అర్థం ఉంది, పులుపుకు ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం ఎప్పుడూ పోయకండి. సూటిగా పనిచేసేది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడు ఆకులు తడిసేలా వారానికోసారి రెండు మూడు సార్లు చల్లడం. కోసేటప్పుడు ఒక్కో ఆకు గిల్లకుండా కొమ్మ చివర తుంచితే పక్కల నుంచి రెండు చిగుళ్లు వస్తాయి. పూగుత్తులు కనబడగానే తీసేయండి. పిట్ట రెట్టలా ఉండే చిన్న పురుగులు సీతాకోకచిలుక గొంగళ్లు, చేత్తో ఏరేస్తే చాలు. చలికాలంలో ఎదుగుదల ఆగడం సహజం, అప్పుడు ఎరువు వేయొద్దు. జనవరి చివర్లో కొమ్మలు మూడో వంతు కత్తిరించి, చెట్టు మొదలు దగ్గర రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, 50 గ్రాముల వేప పిండి వేసి నీళ్లు పెట్టండి, ఉగాది నాటికి చెట్టు కొత్త చిగుళ్లతో ఉంటుంది.