వేగం సరే, నిలకడ మాటేమిటి?

రెండు ధ్రువాల మధ్య ద్రవం బదులు ఘన పదార్థం ఉండే ఘన స్థితి బ్యాటరీ గురించి ఏ ప్రకటన వెలువడినా ముందుగా వినిపించేది ఆ పదార్థంలో అయాన్లు, అంటే విద్యుదావేశమున్న లిథియం పరమాణువులు, కదిలే వేగమే. ఆ పందెం 2011లోనే తేలిపోయిందని మా అభిప్రాయం. లిథియం, జర్మేనియం, ఫాస్ఫరస్, గంధకం కలిపి జపాన్‌లో ర్యోజి కాన్నో బృందం చేసిన ఘన ఎలక్ట్రోలైట్ (ధ్రువాల మధ్య అయాన్లను మోసే పదార్థం) గది ఉష్ణోగ్రతలోనే సెంటీమీటరుకు 12 మిల్లీసీమెన్ల వాహకత చూపింది. మామూలు బ్యాటరీల్లోని ద్రవానికి సరిజోడు. అయితే లిథియం లోహం తగలగానే అందులోని జర్మేనియం ఎలక్ట్రాన్లు లాక్కుని, లిథియంతోనే కలిసి మిశ్రమలోహమై కూర్చుంటుంది. ఆ మిశ్రమలోహం ఎలక్ట్రాన్లకు తలుపు తీస్తుంది. అవి మరింత లోపలికి చొరబడతాయి, పొర తర్వాత పొర చెడుతుంది. అయాన్లకు రాచబాట వేసిన పదార్థం ఇంటిగుట్టు నిలుపుకోలేకపోయింది.

లిథియం లోహం మీద ఆశ ఊరికే పుట్టలేదు. గ్రాముకు 3,860 మిల్లీఆంపియర్ అవర్ల సామర్థ్యం దానిది, గ్రాఫైట్‌ది 372. ఆ ఆశతోనే ఒక కెనడా సంస్థ లిథియం లోహపు బ్యాటరీలను మార్కెట్లోకి తెచ్చింది. ఫోన్లలో మంటలు రావడంతో 1989లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆపైన లోహాన్ని పక్కనపెట్టి, కార్బన్ పొరల్లో లిథియాన్ని దాచే పద్ధతే 1991 నుంచి ప్రపంచాన్ని ఏలుతోంది.

ఛార్జింగ్‌లో లిథియం లోహం ముళ్లలా పెరిగి అవతలి ధ్రువాన్ని తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ద్రవం బదులు గట్టి గోడ కడితే ఆ ముళ్లు ఆగిపోతాయనుకున్నారు. 2007లో మురుగన్, తంగదురై, వెప్నర్ వెలుగులోకి తెచ్చిన ఘన ఎలక్ట్రోలైట్, గార్నెట్ అనే పింగాణీ, లిథియం కన్నా ఎన్నో రెట్లు గట్టిది. లిథియమా, చాకుతో కోస్తే తెగే లోహం. అయినా గెలిచింది మెత్తనిదే! పింగాణీ ఉపరితలంపై కంటికి ఆనని పగులు ఒక్కటి చాలు. ఛార్జింగ్‌లో లిథియం అందులో పేరుకుంటుంది, మొనవద్ద ఒత్తిడి పెరుగుతుంది, పగులు ముందుకు జరుగుతుంది, దాని వెంటే లోహమూ జరుగుతుంది. డిశ్చార్జిలో ఇంకో తంటా: లిథియం వదిలి వెళ్లినచోట ఖాళీ గుంటలు మిగులుతాయి, కరెంటంతా మిగిలిన కొద్ది చోట్ల మీద పడుతుంది.

మరి నిలిచిందేది? 1990ల తొలినాళ్లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల రూపొందించిన లైపాన్ అనే ఘన ఎలక్ట్రోలైట్, పలుచటి పొర. దాని వాహకత కాన్నో పదార్థంతో పోలిస్తే వేల రెట్లు తక్కువ. విచిత్రమేమంటే, అదీ లిథియంతో చర్య జరుపుతుంది. కాకపోతే పుట్టే ఫాస్ఫైడ్, ఆక్సైడ్, నైట్రైడ్‌లు అయాన్లను పోనిస్తాయి, ఎలక్ట్రాన్లకు అడ్డుపడతాయి. కాబట్టి చర్య దానంతటదే ఆగుతుంది. పుండు మీద పొక్కు కట్టినట్టన్నమాట. రూపకర్తలు పట్టుకోవాల్సిన కొస ఇదే. లిథియం ముందు అసలు చెడని పదార్థాలు అరుదు. చెడ్డాక ఏం మిగులుతుందన్నదే లెక్క. టైటానియం, జర్మేనియం వంటి సులభంగా క్షయకరణం చెందే (ఎలక్ట్రాన్లను లాక్కునే) మూలకాలను లిథియం వైపు నుంచి తప్పించాలి. లిథియానికి అవతలి ధ్రువమైన కాథోడ్ వైపు క్లోరైడ్ ఎలక్ట్రోలైట్లు బాగా ఓర్చుకుంటాయి గనుక రెండు వైపులా రెండు పొరలు వేయడంలో చిన్నతనమేమీ లేదు. ఒకే పదార్థం అన్నీ చేయాలన్న పట్టుదలే ఇన్నాళ్లూ కాలహరణానికి కారణమైంది.

పరిశోధకులను, కంపెనీలను మేము కోరేది వాహకత అంకె ఒక్కటే కాదు. పొర మందమెంత, కరెంటెంత, వేడి ఎంత, అన్నిటికీ మించి సెల్‌ను ఎంత ఒత్తిడితో బిగించి పరీక్షించారు? చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీఆంపియర్ అవర్లు నింపితే లిథియం పొర దాదాపు 15 మైక్రాన్లు ఉబ్బుతుంది, ఖాళీ అయితే అంతే మేర కుంగుతుంది. ఈ ఊపిరిని అదిమిపట్టేందుకు ప్రయోగశాలల్లో ఇనుప బిగింపులు వాడుతుంటారు. ఒక్క మెగాపాస్కల్ అంటేనే చదరపు సెంటీమీటరుపై సుమారు 10 కిలోల బరువు. కిలోకు ఇన్ని వాట్ అవర్లు అని చాటేటప్పుడు ఆ బిగింపు బరువును కూడా తూకంలో వేశారో లేదో చెప్పాలి.