దారి తప్పిన లింకులు

గుంటూరు మిర్చి యార్డు ధరలపై నెల రోజులు కూర్చుని తయారుచేసిన పవర్‌పాయింట్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని విజయవాడ వెళ్లి, అక్కడి సమావేశంలో తెరిస్తే, యార్డులో నేనే తీసిన వీడియో ఎంత నొక్కినా కదలలేదు. ఎక్సెల్ చార్టులు కనిపించాయి గానీ వాటిలో ఉన్నవి పాత అంకెలు. ఆ ఉదయం సరిదిద్దిన ధరలు ఒక్కటీ రాలేదు.

వీడియోనూ చార్టులనూ నేను స్లైడుల్లో లింకుగానే పెట్టాను. లింకు చేసిన ఫైలు స్లైడులోకి రాదు, అది ఉన్న చోటు మాత్రమే డ్రైవ్ అక్షరంతో సహా నమోదవుతుంది. మా ఇంటి కంప్యూటర్లోని డి డ్రైవ్ చిరునామాను పరాయి కంప్యూటర్లో వెతికితే ఏం దొరుకుతుంది? ఫైల్ మెనూలో ఇన్ఫో పేజీ అడుగున, ఒక మూలన ఉండే 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' తెరిచి, 14 చార్టులకూ ఒక్కొక్కదానికే 'ఛేంజ్ సోర్స్' నొక్కుతుంటే, ఎదురుగా పనులు మానుకుని వచ్చిన రైతులు మౌనంగా కూర్చుని ఉండగా, నాకు చేతులు వణికాయి. వాళ్ల సమయం పోయినందుకే నా బాధంతా.

లింకు పెట్టేటప్పుడే "ఈ ఫైలు కూడా వెంట రావాలి" అని పవర్‌పాయింట్ ఒక్క మాట చెబితే ఏం పోయింది? లింకు ఫైళ్లన్నిటినీ ఒకే ఫోల్డరులో చేర్చే సదుపాయం ఉంది, పెన్‌డ్రైవ్‌కూ పనికొస్తుంది. కానీ దాని పేరు 'ప్యాకేజ్ ప్రెజెంటేషన్ ఫర్ సీడీ'. సీడీ డ్రైవే లేని లాప్‌టాప్ వాడేవాళ్లు ఆ పేరు చూసి దాన్ని ఎందుకు తెరుస్తారు?