గేటు తెరిస్తే సరిపోదు, ఓటూ ఇవ్వాలి

ఫ్యాక్టరీ క్రికెట్ క్లబ్బుల పుట్టుక శనివారం మధ్యాహ్నంతో ముడిపడి ఉంది. బ్రిటన్‌లో 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో మహిళల, మైనర్ల పనిని శనివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా ఆపించింది. వాళ్లు లేనిదే మరమగ్గాలు సాగవు కాబట్టి మగవాళ్లకూ తీరిక చిక్కింది. ఆ తీరికకు యాజమాన్యాలు మైదానాలు సమకూర్చాయి. ఇంగ్లండ్‌లోని బోర్న్‌విల్‌లో చాక్లెట్లు చేసే క్యాడ్‌బరీ సంస్థ 1902లో కార్మికులకు పెవిలియనే కట్టించి ఇచ్చింది.

అప్పట్లో ఆట కార్మికులకే. తర్వాత షిఫ్టులు మారాయి, సిబ్బంది తగ్గారు, శనివారం నాటికి పదకొండు మంది పోగవడమే గగనమైంది. ముందు కార్మికుల పిల్లలు వచ్చారు, వాళ్ల వెంట స్నేహితులు, ఆ తర్వాత ఇరుగుపొరుగు. జట్టు నిలబడింది బయటివాళ్ల వల్లే. అయినా చాలా క్లబ్బుల నియమావళిలో వాళ్లు నేటికీ 'అనుబంధ సభ్యులే'. చందా కట్టాలి, పిచ్ మీద కవర్లు లాగాలి, సర్వసభ్య సమావేశంలో మాత్రం చెయ్యెత్తకూడదు. ఇది అన్యాయమని మా నిశ్చితాభిప్రాయం.

ఈ అన్యాయం పిచ్ మీదా కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చింది నేల ఒక్కటే కాదు. పిచ్‌ను, మైదానాన్ని చూసుకునే గ్రౌండ్స్‌మన్ జీతం, నీళ్లు, కరెంటు, రోలర్ మరమ్మతు అన్నీ దాని పద్దులోనే ఉండేవి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న రోజున మొదట పోయేది గ్రౌండ్స్‌మనే. ఆయనతోపాటు పోయే విద్య చిన్నది కాదు. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పున్న బంకమట్టి పట్టీని మ్యాచ్‌కు పది, పన్నెండు రోజుల ముందే లోతుగా తడపాలి. మట్టి చేతికి అంటుకోకుండా, నొక్కితే బొటనవేలి ముద్ర పడేంత పదునులో ఉన్నప్పుడు రోలర్ తిప్పాలి. మొదట తేలికది, తేమ ఆరేకొద్దీ బరువైనది. బరువు రోలర్‌ను తడి మీదే ఎక్కిస్తే మట్టి ముందుకు జరిగి అలలు తేలుతుంది, గడ్డి వేళ్లు తెగుతాయి. పూర్తిగా ఎండాక తిప్పితే పైపై మెరుపే తప్ప లోపల గట్టిపడదు. బంతి ఒకటి మోకాలికి, ఇంకొకటి గడ్డానికి లేస్తుంది. ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు రోలర్ తోసే క్లబ్బుల్లో జరుగుతున్నదిదే. రెండు మూడు సీజన్ల పాటు ఒకే మనిషికి, జీతమిచ్చి, ఆ పని అప్పగించాలి. ఆ ఖర్చు మంజూరు చేయాల్సింది కార్యవర్గం. అందులో చందాదారులకు చోటు లేకపోతే డబ్బు కుర్చీలకూ రంగులకూ పోతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం కాగితాల్లో ఉంది. అనేక మైదానాలు నేటికీ నోటిమాట మీదే నడుస్తున్నాయి. కంపెనీ చేతులు మారిందంటే కొత్త యజమానికి ఆ మాటతో పనిలేదు, అతనికి కనిపించేది ఖాళీ స్థలం. అందుకే దీర్ఘకాలిక లీజు రాయించుకుని రిజిస్టరు చేయించాలి. యాజమాన్యం మారినా అది చెల్లుతుందన్న షరతు అందులో ఉండాలి. లీజు వ్యక్తుల పేర కాక నమోదైన క్లబ్బు పేర ఉండాలి. నీళ్లకూ కరెంటుకూ మీటర్లు విడిగా పెట్టించుకోవాలి. మైదానానికి వీధి వైపు వేరే గేటు కావాలి. ఫ్యాక్టరీ గేటులో పేరు రాసి లోపలికి రావాలంటే సాయంత్రం ప్రాక్టీసుకు పిల్లల్ని ఏ తల్లీ పంపదు.

పిల్లలకు, మహిళలకు తలుపు తీశామని చెప్పే క్లబ్బులు కిట్ల పెట్టె కూడా తెరిచి చూసుకోవాలి. పురుషుల బంతి 156 నుంచి 163 గ్రాములు తూగుతుంది. మహిళల బంతి 140 నుంచి 151, పదమూడేళ్లలోపు పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములు. పెట్టెలో మొదటి రకమొక్కటే ఉంటే, ఆ క్లబ్బు ఇంకా పాత జట్టు కోసమే నడుస్తున్నట్టు.

కార్మికులు చెమటోడ్చి నిలబెట్టిన మైదానాలివి. పాత సభ్యులు తమ పేరు, తమ చిహ్నం ఉండాలని కోరుకోవడం న్యాయమే, వాటిని నియమావళిలోనే భద్రం చేయవచ్చు. కానీ ఏడాది చందా కట్టిన ప్రతి వయోజనుడికీ ఓటు దక్కాలి. ఆ సవరణ వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో మొదటి అంశం కావాలి.